రేకుల గదిలో గిటారు

అనగనగా, మరీ అంత అనగనగా కాదులే, మొన్నమొన్ననే, కడియం దగ్గర ఒక ఊళ్ళో రాహేలు అని ఒకావిడ ఉండేది. నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టేది. మంచిదే పాపం, కానీ ఒళ్ళంతా అనుమానం. పాలు చూస్తే నీళ్ళు కలిపారంటుంది. ఎవరైనా నవ్వితే తనని చూసే నవ్వారంటుంది.

ఆమె తోడికోడలు సలోమి. చిన్నది, ఇంట్లోనే కుట్టుమిషను తొక్కేది. ఇద్దరిదీ ఒకటే వాకిలి. రాహేలుది రేకుల గది, సలోమిది పెంకుటిల్లు.

వాళ్ళ చర్చిలో పాస్టరుగారమ్మాయి గిటారు వాయించేది. ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది. పాటలు బోసిపోయాయి. అప్పుడు రాహేలు మనసులో మాట బయటికొచ్చింది. "నేను నేర్చుకుంటాను" అంది. నవ్వకు, నలభై రెండేళ్ళకి నేర్చుకోకూడదా ఏం?

మర్నాడే రాజమండ్రి బస్సెక్కింది. అక్కడ గఫూర్ గారని ఒకాయనకి వాయిద్యాల కొట్టుంది. "తక్కువలో ఒకటి చూపించండి బాబూ, కానీ మోసం చెయ్యకండి" అంది, గడప దాటకుండానే.

ఆయన మొదట నెమలికంఠం రంగుది తీశాడు. తళతళలాడిపోతోంది. రాహేలు ఒక కన్ను మూసి, మొక్క కాండం చూసినట్టు దాని మెడ వెంట చూసింది. "ఇది వంగింది" అంది. నిజంగానే వంగింది. ఆ తర్వాత నల్లది తీశాడు. దాని తీగలు చెక్కకి ఎంత ఎత్తున ఉన్నాయంటే, నొక్కితే వేలు కోసుకుపోయేలా ఉంది. అదీ వద్దంది. అప్పుడు ఒక మూల నుంచి మట్టిరంగుది తీశాడు. మెడ తిన్నగా ఉంది, తీగలు మెత్తగా ఒదిగాయి, ధర రెండింటికన్నా తక్కువ.

"ఇంత చవకేంటి? దీనికేం రోగం?" అంది రాహేలు.

"రోగం లేదమ్మా, మెరుపు లేదు. మెరుపుకే సగం ధర" అన్నాడు గఫూర్.

నమ్మలేదనుకో. లోపల చెయ్యి పెట్టి తడిమింది, వెనక కొట్టి చూసింది, వాసన కూడా చూసింది. చివరికి కొనుక్కుంది.

ఇంటికి తెచ్చి, దాని సంచిలోనే ఉంచి గోడకి చేరవేసింది. పొద్దున్నే ఫోన్లో చూసుకుంటూ నేర్చుకునేది. వేళ్ళు కాయలు కాశాయి. కానీ రోజూ శ్రుతి కుదిర్చి పెట్టి వెళ్తే, సాయంత్రానికి తప్పిపోయేది. "ఎవరో తీగల మరలు తిప్పుతున్నారు" అనుకుంది.

నెలన్నర చూసి చూసి, ఇక కాపు కాసింది. మొదటిరోజు, సంచి అటు తిరిగి ఉన్నట్టు అనిపించింది. రెండోరోజు, జిప్పు కొస దగ్గర ఒక దారప్పోగు కనిపించింది. మూడోరోజు ఏం చేసిందో తెలుసా? పనికి వెళ్తూ వెళ్తూ సంచి మీద బియ్యప్పిండి చల్లి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి పిండి మీద వేళ్ళ ముద్రలు! సలోమి నల్లచీర కుచ్చిళ్ళ మీద తెల్లటి మరక!

"నా వస్తువు ముట్టుకున్నావా? దొంగా!" అని అరిచింది. వాకిట్లో పిల్లలు ఆట ఆపేసి చూశారు.

"అక్కా, ఆ రేకుల కింద..." అని సలోమి ఏదో చెప్పబోయింది. రాహేలు చెప్పనిస్తేగా! గదికి పెద్ద తాళం తెచ్చి వేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒక ఇంట్లో కూర ఇంకో ఇంటికి వెళ్ళలేదు.

మే నెల ఎండలు. మూసిన గది కుంపటిలా కాగిపోయేది. రెండు వారాలైంది. ఒక పొద్దున్న గిటారు తీస్తే, తీగలు కట్టే చెక్క వెనకనుంచి గోరు పట్టేంత పైకి లేచింది. "చూశావా, ఆ గఫూర్ జిగురు సరిగా పెట్టలేదు" అని మళ్ళీ బస్సెక్కింది.

గఫూర్ గారు చూసి, "ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు.

"మా రేకుల గదిలో. తాళమేసి మరీ పెట్టాను."

"కొని రెండు నెలలైంది. అన్నాళ్ళూ మధ్యాహ్నాలు రేకుల కిందే ఉంటే ఎప్పుడో ఊడిపోవాలే! మొదట్లో ఎవరో చల్లగా పెట్టి ఉంటారు."

రాహేలుకి సలోమి చీర మీది పిండి మరక గుర్తొచ్చింది. "మరి శ్రుతి రోజూ ఎందుకు తప్పేది?" అంది.

"కొత్త తీగలు సాగుతాయమ్మా. ఎవరూ ముట్టుకోకపోయినా సాగుతాయి."

ఆయన చెక్క అతికించి, బిగించి ఇచ్చేదాకా అక్కడే కూర్చుంది. కానీ ఆయన చేతుల వంక ఒక్కసారీ అనుమానంగా చూడలేదు. బస్సులో గిటారుని ఒళ్ళో పెట్టుకుని, దారంతా తలొంచుకునే కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి సలోమి మిషను తొక్కుతోంది. రాహేలు వెళ్ళి ఎదురుగా నేల మీద చతికిలబడింది. "నువ్వేగా నీడకి మార్చేదానివి?" అంది.

"మధ్యాహ్నం మా పెంకుల కిందకి తెచ్చి, నువ్వొచ్చే వేళకి పెట్టేసేదాన్ని. ఎండకి పాడైపోతుందని."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే, ఎందుకు చెబుతున్నావని అనుమానపడేదానివి." మిషను ఆగలేదు.

"తప్పు నాదే సలోమీ."

అప్పుడు మిషను ఆగింది. "నా చెవిలో చెబితే ఏం లాభం అక్కా? పిల్లల ముందు దొంగ అన్నావు. పిల్లల ముందే తీసుకో ఆ మాట."

రాహేలు లేచింది. వాకిట్లో పిల్లలందర్నీ పిలిచింది. "మీ పిన్ని దొంగ కాదర్రా. నా వస్తువుని కాపాడింది. నేనే తప్పు మాట అన్నాను" అని గట్టిగా చెప్పింది. ఒక బుడంకాయి వినబడలేదంటే, ఇంకోసారి చెప్పింది.

సలోమి లోపలికి వెళ్ళి ఒక పాత దుప్పటి తెచ్చి, పెంకుల కింద చల్లటి మూల పరిచింది. గిటారుని అందులో పడుకోబెట్టింది. "రోజూ పొద్దున్నే వచ్చి వాయించుకో. కానీ నాకు పడుకునే పిల్లలున్నారు, మెల్లగా" అంది. రాహేలు తలూపింది, కళ్ళు తుడుచుకుంటూ.

ఇదిగో, నువ్వు నిజంగానే నిద్రపోతున్నావా, నటిస్తున్నావా? సరే, నమ్ముతాలే.

కథ కంచికి, కునుకు కంటికి,
అనుమానం అటకకి, మనం పడకకి.