కావలిబొమ్మ పుట్టుమాట

రంగులవాళ్ళ వీధిలో ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక కొయ్య కావలిబొమ్మ ఉండేది. ఇంట్లోంచి పోయే ఉత్తరమైనా, బయటినుంచి వచ్చే కబురైనా దాని చేతి మీదుగానే నడవాలి. ఏదైనా చేయి దాటుతున్నప్పుడు దాని కళ్ళు ఆకుపచ్చగా మిణుకుమనేవి. అవి మిణుకుతున్నన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళు దానివంక చూసేవాళ్ళు కాదు.

ఆ వీధిలో చెంగల్రాయుడు ఎరుపు అద్దేవాడు. ఇరవై ఏళ్ళపాటు అతని ఎరుపుకు సాటి లేదు. పెళ్ళిళ్ళకూ తేర్లకూ బట్ట కావాలంటే జనం నేరుగా అతని గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. అతను బేరం ఆడేవాడు కాదు, ఆడవలసిన అవసరం రాలేదు.

ఒక ఏడాది పక్కింట్లోకి మునెమ్మ అనే మనిషి కాపురం వచ్చింది. రెండు కాగులు, ఒక కట్టె, ఎరుపునిచ్చే చిరివేళ్ళ మూట తెచ్చుకుంది. మూడు వారాల తరవాత మొదటి బట్ట ఉతికి ఏటి ఇసుకలో ఆరేసింది.

చెంగల్రాయుడి భార్య కుప్పమ్మ నీళ్ళకు వెళ్ళి అది చూసి వచ్చింది. బిందె దించకుండానే చెప్పింది.

"ఆ పిల్ల ఎరుపు చూసినావా? తడి మీద ఉండగానే వెలుగుతా ఉంది."

"తడి మీద అన్నీ వెలుగుతాయి," అన్నాడు చెంగల్రాయుడు.

ఆ మధ్యాహ్నం అతనూ వెళ్ళి చూశాడు. బట్ట ఎండిపోయింది. అయినా వెలుగుతూనే ఉంది.

ఆనాటినుంచి అతనికి అన్నం సయించలేదు. మునెమ్మ ఇంటికి ఎవరు వస్తున్నారో, ఎంతసేపు కూర్చుంటున్నారో కనిపెట్టేవాడు. ఎవరైనా నవ్వుతూ బయటికి వస్తే అది తనను చూసి నవ్విన నవ్వే అనుకునేవాడు. ఎదురుపడినప్పుడు మాత్రం, "బాగుందమ్మా నీ పనితనం," అనేవాడు. ఆ మాట అన్న రోజు రాయి మింగినట్టు ఉండేది.

ఒకరోజు అతని కావలిబొమ్మ కదలకుండా బిగుసుకుపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఉత్తరాలు దాని చేతిలోనే ఉండిపోయాయి. చెంగల్రాయుడు దాన్ని గోడనుంచి ఇవతలికి లాగి, దులిపి, మళ్ళీ నిలబెట్టాడు. అప్పుడు దాని వీపున అంటించిన తాటాకు ముక్క కనబడింది. ఇన్నేళ్ళుగా అది గోడవైపే ఉంది.

దానిమీద ఇలా రాసి ఉంది: "పుట్టుమాట గన్నేరు. ఈ మాట ఎవరు చెబితే వారే దీనికి ఏలిక. ఇంటికి తెచ్చిన రోజే మార్చుకోండి."

అతను మార్చలేదు. అతని ఆలోచన వేరే దారి పట్టింది. ఊళ్ళోని బొమ్మలన్నీ ఒకే పనిశాలలో తయారైనవి. మునెమ్మ బొమ్మ కూడా అక్కడిదే.

మర్నాడు మునెమ్మ బట్టలు ఉతకడానికి ఏటికి వెళ్ళిన వేళ చెంగల్రాయుడు ఆమె గుమ్మం ముందు ఆగాడు. చెప్పులో ముల్లు దిగినట్టు వంగి, "గన్నేరు," అన్నాడు.

బొమ్మ తల వంచింది. "సెలవియ్యండి, ఏలికా."

అంత తేలికగా జరిగేసరికి అతను జంకాడు. ఎవరైనా చూశారేమోనని వీధి అటూ ఇటూ చూసి, ఆమె పంపే ప్రతి ఉత్తరానికీ ఒక నకలు తనకు ఇమ్మన్నాడు. బొమ్మ, "చిత్తం," అంది. దానికి మంచీ చెడూ తెలియవు. మాట తెలుసు, అంతే.

వారంలోగా రహస్యం దొరికింది. మునెమ్మ సముద్రం ఒడ్డున ఉన్న తన అన్నకు రాసింది: "మామూలు వేరు వద్దు. గవ్వలు నుసైన ఇసుకలో పెరిగిన వేరే పంపు." చెంగల్రాయుడు కూడా అదే వేరు తెప్పించాడు. నెల తిరిగేసరికి అతని బట్ట కూడా వెలిగింది.

అతని మనసు మాత్రం చల్లబడలేదు. కొనవచ్చిన ఒక ముసలామె బట్టను చేతిలోకి తీసుకుని, "అచ్చం మునెమ్మ ఎరుపే," అంది. మెచ్చుకుంటూనే అంది. ఆ పూట అతను భోజనానికి లేవలేదు.

మళ్ళీ పక్క గుమ్మం దగ్గర వంగాడు. ఈసారి, ఎరుపు కావాలని ఈ ఇంటికి వచ్చే ప్రతి కబురునూ తన ఇంటికి మళ్ళించమన్నాడు. ఆ తరవాత మునెమ్మ గుమ్మంలో చెప్పులు తగ్గిపోయాయి. ఏటి ఇసుకలో ఆమె చోటు ఖాళీగా ఉండేది.

ఒకనాడు ఆమే అతని ఇంటికి వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"అన్నా, ఒక మాట అడగతా. నా రంగులో ఏదైనా లోపం కనపడిందా నీకు?"

"లోపం ఏముందమ్మా? జనం మనసు అట్లాంటిది. ఇవాళ ఒకటి, రేపొకటి."

"నేనూ అదే అనుకున్నా," అందామె. "ఇంకొన్ని నెలలు చూసి కాగులు దించేస్తాను. మా అన్న దగ్గరికి పోయి వేర్లు తవ్వుకుంటా."

ఆమె వెళ్ళిపోయాక కుప్పమ్మ మొగుడివైపు చూసి ఏదో అడగబోయింది. అతను లేచి కాగు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే పనిశాలనుంచి ప్రతి ఇంటికీ ఒక హెచ్చరిక వచ్చింది. ఎవడో ఒకడు ఊరూరా తిరిగి ప్రతి గుమ్మంలోనూ పుట్టుమాట చెప్పి చూస్తున్నాడనీ, మాట వెంటనే మార్చుకోవాలనీ, బొమ్మకు కొత్త పాఠం నేర్పించాలనీ అందులో ఉంది. మునెమ్మకు వచ్చిన హెచ్చరికను చెంగల్రాయుడు ఆమె బొమ్మ చేతనే మింగించాడు. మాట మారితే తన దారి మూసుకుపోతుంది.

తనకు వచ్చినదాన్ని రెండుసార్లు చదివాడు. తన బొమ్మ మాట మార్చుదామా అని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. "దొంగ వచ్చేదుంటే ఆమె ఇంటికి వస్తాడు గాని నా ఇంటికెందుకు వస్తాడు?" అనుకున్నాడు. లోకమంతా మునెమ్మనే చూస్తోందని అతని నమ్మకం. ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాడు.

కొన్నాళ్ళకు ఒక నాటక సమాజం నుంచి కబురు వచ్చింది. రంగస్థలానికి అరవై గజాల ఎర్ర తెర కావాలి. అడిగింది మునెమ్మను, అందింది చెంగల్రాయుడికి. తనే అద్దిస్తానని తన పేరుతో జవాబు రాసి, అతను నెలన్నర కష్టపడి అద్దాడు. అంత పెద్ద బట్ట, అంత నిండు ఎరుపు, తన చేతులతో ఎన్నడూ చేయలేదు. తెర సిద్ధమైంది, బండి పంపండి అని రాసి బొమ్మ చేతిలో పెట్టాడు.

బండి రాలేదు. మళ్ళీ రాశాడు. జవాబు లేదు. బొమ్మ కళ్ళు మాత్రం ఆకుపచ్చగా మిణుకుతూనే ఉన్నాయి.

చివరికి తనే నడిచి నాటక సమాజం విడిదికి వెళ్ళాడు. అక్కడ అప్పటికే ఒక ఎర్ర తెర వేలాడుతోంది. నాసిరకం బట్ట. తాకితే రంగు వేలికి అంటుకుంది. రాజు వేషగాడి తెల్ల ధోవతి మోకాళ్ళదాకా ఎర్రబడి ఉంది.

సమాజం యజమాని అతన్ని కూర్చోమనలేదు. "ఇదేనా నీ పనితనం?" అన్నాడు.

"ఇది నాది కాదయ్యా. నా తెర ఇంట్లోనే ఉంది."

యజమాని ఒక ఉత్తరం తెచ్చి చూపించాడు. అందులో చెంగల్రాయుడి ముద్ర ఉంది. అతను రాసే తీరులోనే ఉంది. తెర వేరే ఊరినుంచి నేరుగా వస్తుందనీ, తెచ్చినవాడికే సొమ్ము ఇమ్మనీ ఉంది.

"నీ గుమ్మంనుంచే వచ్చింది," అన్నాడు యజమాని. "నీ పేరు ఇంక ఈ తెర దగ్గర ఎత్తొద్దు."

ఇల్లు చేరి చెంగల్రాయుడు బొమ్మ భుజాలు పట్టుకున్నాడు.

"నా ముద్ర వేసి ఉత్తరం పంపింది ఎవరు?"

"మీరే, ఏలికా."

"నేను పంపలేదు."

"గన్నేరు అన్నారు. ఆ మాట అన్నవారు మీరే కదా."

అతను పనిశాలకు మనిషిని పంపాడు. రెండోరోజు బొమ్మలు చేసే ఆచారి సంచితో వచ్చాడు. బొమ్మను తిప్పి, వీపు పలక తీసి, లోపల చూసి తల ఊపాడు.

"వాడు వచ్చి రెండు నెలలు దాటింది," అన్నాడు. "మాట చెప్పి లోపలికొచ్చాడు. ఇదుగో, వెనక చిన్న కిటికీ. మరమ్మతుకని మేమే పెట్టినాం. దాన్ని తెరిచి పెట్టుకుని, ఉన్నచోటినుంచే అన్నీ నడిపించుకుంటున్నాడు. ఇంటింటికీ రాసినాం కదయ్యా, చదవలేదా?"

"చదివినాను."

ఆచారి అతని మొహంలోకి చూశాడు. బొమ్మ నేర్చుకున్నదంతా తుడిచేశాడు. పనిశాలనుంచి తెచ్చిన కొత్త పాఠం చెప్పాడు. వెనక కిటికీకి మేకులు కొట్టాడు. తరవాత పక్కకు తప్పుకుని, కొత్త మాట చెంగల్రాయుడి చేతనే చెప్పించాడు. "పెద్ద మాట పెట్టుకో. పేరు, ఊరు, కులదైవం వద్దు. అవి అందరికీ తెలిసినవే. వచ్చిపోయేవాళ్ళను వసారాలోనే కూర్చోబెట్టమని దానికి చెప్పు. అన్నం పెట్టొచ్చు గాని, కాగుల దగ్గరికి పంపకూడదు."

సంచి సర్దుకుంటూ అన్నాడు: "పక్కింట్లోనూ చూసిపోతాను."

"ఆమె ఇంట్లో లేదు. నేను చెబుతాలే," అన్నాడు చెంగల్రాయుడు.

చెప్పలేదు. ఒకరోజు పోయింది, రెండు రోజులు పోయాయి. తన ఇల్లు భద్రంగా ఉంది, పక్క ఇల్లు తనకు తెరిచి ఉంది. తన పేరు పోయింది గాని ఆమె పేరు ఇంకా పోలేదు. నాలుగోరోజు, ఇదే ఆఖరుసారి అనుకుంటూ ఆమె గుమ్మం దగ్గర వంగి మాట చెప్పాడు.

బొమ్మ తల వంచింది. "ఇందాకే వచ్చి వెళ్ళారు కదా, ఏలికా. మళ్ళీ ఏమైనా కావాలా?"

చెంగల్రాయుడు వంగినవాడు నిటారుగా లేచాడు.

"ఇందాక నేనేం అడిగాను?"

"ఉత్తరాలన్నీ అడిగారు. అమ్మగారు కొత్త ఎరుపు గురించి అన్నగారికి రాసుకున్నది కూడా."

కొత్త ఎరుపు. అతనికి తెలియని ఎరుపు. దాన్ని ఇంకెవడో తనకంటే ముందు చదివాడు. అతని ఒళ్ళు మండిపోయింది. తన పెట్టెలోది ఎవరో ఎత్తుకుపోయినంత కోపం వచ్చింది. అది తన పెట్టె కాదన్న ఊహ ఆ క్షణంలో రాలేదు. వాడికి దక్కకూడదు అన్నదొక్కటే తోచింది. ఆ కోపంతోనే తిన్నగా ఏటి ఒడ్డుకు నడిచాడు.

మునెమ్మ మోకాలి లోతు నీళ్ళలో బట్ట జాడిస్తోంది. అతను ఒడ్డున నిలబడి మొదలుపెట్టాడు. దొంగ సంగతి చెబుదామనే వచ్చాడు. దొంగ సంగతి చెప్పాలంటే పుట్టుమాట చెప్పాలి. పుట్టుమాట చెబితే అది తనకెలా తెలుసో చెప్పాలి. ఒక్కో మాటకూ వెనక ఇంకో మాట ఉంది. చివరికి ఏమీ మిగల్లేదు. తెర సంగతి కూడా చెప్పేశాడు.

మునెమ్మ బట్ట పిండటం ఆపలేదు.

"గవ్వల ఇసుక వేరు కూడానా?" అని మాత్రం అడిగింది.

"అదే మొదలు."

ఆమె బట్టను భుజాన వేసుకుని ఒడ్డుకు వచ్చింది. అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "మాట ఎట్లా మార్చాలో చెప్పి పో," అంది. అతను చెప్పాడు. కిటికీ సంగతీ, కొత్త పాఠం సంగతీ, వసారా సంగతీ ఆచారి చెప్పినవి చెప్పినట్టే చెప్పాడు. ఆమె విని, ఇంటికి పోయి తలుపు వేసుకుంది.

ఆమె కాగులు దించలేదు. చెప్పులు మెల్లగా ఆ గుమ్మంలోకి తిరిగి వచ్చాయి. నాటక సమాజంవాళ్ళు కూడా వచ్చారు. ఆ చలికాలం ఏటి ఇసుకలో కొత్త ఎరుపు ఆరింది. దాని గురించి ఊరంతా మాట్లాడుకుంది. దాన్ని ఎలా చేసిందో ఒక్కరికీ తెలియలేదు.

చెంగల్రాయుడు తన కాగుల దగ్గర పని చేసుకుంటూనే ఉన్నాడు. పని మధ్యలో తలెత్తి ఇసుకవైపు చూసేవాడు. చూడకూడదనుకుని కూడా చూసేవాడు.

ఒకరోజు పొద్దున్నే తలకు పాగా చుట్టుకుని పక్కింటి గుమ్మం ముందుకు వెళ్ళాడు. ఈసారి వంగలేదు. చెప్పులో ముల్లు వెతకలేదు. తెలిసిన మాట ఏదీ చెప్పకుండా ఊరికే నిలబడ్డాడు.

బొమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. దాని కళ్ళు మిణుకుమన్నాయి.

"మీరెవరు?" అని అడిగింది.

చెంగల్రాయుడు నోరు తెరిచాడు. ఏం చెప్పాలో ఆలోచిస్తూ, ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.