అయ్య వేసిన బల్ల

భీమిలి తీరంలో మైలపల్లి ఎల్లాజీ అనే పడవ యజమాని ఉండేవాడు. తండ్రి చేసిన వస్తువు మీద ఎవరు వేలు పెట్టినా మండిపడేవాడు. తండ్రి పోయాక అతనికి మిగిలింది ఒక పాత తెరచాప పడవ. గాలి పడిపోతే నడపడానికి దానికొక ఇంజనూ, ముందు బల్ల కింద రెండు ఇనప డీజిలు ట్యాంకులూ ఉండేవి.

ఆ ట్యాంకులు తుప్పు పట్టి కారసాగాయి. ఎల్లాజీ కన్నాలకు బట్టల సబ్బు రుద్దాడు. అయినా కారాయి. కింద పాత గోనెలు కుక్కాడు. అదీ ఒక మరమ్మతేనా?

అతని భార్య తమ్ముడు పోలారావు ఆ పడవ మీదే పనిచేసేవాడు. "బావా, అన్నం ముద్ద కూడా డీజిలు కంపే కొడతంది. ఈ బల్ల కోసి ట్యాంకులు తీసేద్దాం. కొత్తవి పెడదాం," అన్నాడు.

"మా అయ్య వేసిన బల్ల మీద రంపం పెడతావేటి? ఆ జంట మేకులు సూడు! అలా కొట్టినోడు ఈ తీరంలో ఇంకోడున్నాడా? కంపు పడకపోతే ముక్కు మూసుకో!"

"నా ముక్కు నేను మూసుకుంటాను. కారే ట్యాంకుని ఎవడు మూస్తాడు?" అన్నాడు పోలారావు. ఎల్లాజీ ట్యాంకుల కింద ఇంకో గోనె కుక్కాడు.

వల వేసే ముందు ఆ బల్ల మీద గంగమ్మకు కర్పూరం వెలిగించడం వాళ్ల ఆచారం. ఒక ఉదయం సముద్రం మీద గాలి పడిపోయింది. ఇంజను కదల్లేదు. డీజిలు వస్తోందో లేదో చూడడానికి పోలారావు పక్క సందులోంచి బల్ల కిందికి దూరాడు. అప్పుడే పైన ఎల్లాజీ కర్పూరం వెలిగించాడు. పడవ ఒరిగింది. మండుతున్న బిళ్ల జారి బల్లల మధ్యనుంచి గోనెల మీద పడింది.

భగ్గుమంది.

"బావా!"

ఎల్లాజీ అతని కాళ్లు పట్టి బయటికి లాగాడు. తెరచాప దింపి, నీళ్లలో ముంచి, మంట మీద కప్పాడు. మంట ఆరింది. కానీ పోలారావు చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి. ప్రాణం దక్కింది గాని, వేళ్లు ముడుచుకుపోయాయి. ఇక వల లాగలేడు.

అతను ఆసుపత్రి నుంచి వచ్చాక ఎల్లాజీ తానే రంపం పట్టాడు. సగం కాలిన బల్లను కోసి తీసి, బోర్లా తిప్పాడు.

బల్లను ఎప్పుడో ఒకసారి సరిగ్గా ట్యాంకుల పైనే అడ్డంగా కోశారు. అడుగున అతుకు చెక్క వేసి జంట మేకులు కొట్టారు. పైన గీత కనబడకుండా తారు పూశారు.

"ఏటి బావా, అలా నిలబడిపోయావు?" అన్నాడు పోలారావు.

"అయ్యే కోశాడురా," అన్నాడు ఎల్లాజీ. "పాత ట్యాంకులు కారితే, ఈ బల్ల కోసే మార్చాడు."

పోలారావు కట్టు కట్టిన చేతుల వంక చూసుకున్నాడు.

పిల్లలూ, పెద్దలు చేసిన వస్తువును గౌరవించడమంటే దాన్ని ముట్టకుండా దాచుకోవడం కాదు, పాడైనప్పుడు వాళ్లలాగే వెంటనే బాగుచేయడం.