సింగడి గంట కట్టుకొచ్చిన మైలగాడు

తోడేళ్లకూ పశువుల మందకూ జరిగిన యుద్ధం ముగిసింది. బతికినవాళ్లు కుంటుకుంటూ ఇళ్లు చేరారు. మైలగాడనే ఎద్దుకు మాత్రం ఇల్లు చేరే మొహం లేదు. ఏటి రేవు దగ్గర తోడేళ్లు మీదపడితే వాడు పారిపోయాడు. పక్కనున్న సింగడనే ఎద్దొక్కడే కొమ్ములు వంచి నిలబడి ప్రాణం వదిలాడు.

"ఎందుకు అల్లుడూ దిగులు?" అంది అటుగా వచ్చిన నక్క. "మీ ఇద్దరిదీ ఒకే రంగు, ఒకే ఈడు. సింగడి మెడలోని గంట కట్టుకుని వాడి కొట్టానికి పో. వాడి తల్లికి కళ్లు ఆనవు. వీరుడని నెత్తిన పెట్టుకుంటారు. కోళ్లగూటి వైపు నేనొచ్చినప్పుడు నువ్వు అటు తిరిగి పడుకుంటే చాలు."

మైలగాడు అలాగే చేశాడు. తెలగపిండి పెట్టారు, మెడకు పూలదండ వేశారు. వాటికన్నా సింగడి తల్లి, ముసలి ఆవు పున్నెమ్మ మాటలు వాడికి తియ్యగా ఉండేవి.

"యుద్ధానికి ముందు ఎంత మంచి రోజులు నాయనా! ముసురు వానలో జొన్నచేలో దూరి, మూతి నిండా ఆకులు పెట్టుకుని, నేను మెయ్యలేదన్నావు. గుర్తుందా?"

"గుర్తుందమ్మా," అనేవాడు. తల్లిని ఎరగని మైలగాడు తనవి కాని ఆ రోజుల మీద బెంగ పెట్టుకున్నాడు. ఆ తల్లి ఎక్కడ దూరమవుతుందోనని, గూట్లో కోళ్లు మాయమవుతున్నా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఏరువాక వచ్చింది. రైతు కాడి దించగానే మైలగాడి కాళ్లు వాటంతటవే ఎడమపక్కకు, దాపటకు నడిచాయి. పుట్టి బుద్ధెరిగాక వాడు దున్నింది ఆ పక్కనే మరి.

సింగడి జోడెద్దు బొల్లన్న అక్కడికొచ్చి ఆగిపోయాడు.

"అది నా చోటురా. సింగడు ఏనాడూ కుడిపక్కన తప్ప నిలబడలేదు. ఎవడివి నువ్వు?"

గట్టు మీంచి నక్క అందుకుంది. "యుద్ధంలో తలకు దెబ్బ తగిలి కుడి ఎడమలు మరిచాడు పాపం."

అందరూ అయ్యో అన్నారు. గండం గడిచింది. కానీ పున్నెమ్మ తడుముకుంటూ వచ్చి వాడి తల నాకసాగింది. "దెబ్బ ఎక్కడ నాయనా? నాకు చెప్పలేదేం?"

మైలగాడు ఇక తట్టుకోలేకపోయాడు. "దెబ్బలు తిన్నవాడు రేవు దగ్గరే పోయాడమ్మా. నేను పారిపోయిన మైలగాణ్ణి. ఈ నక్కకు కోళ్లను అప్పజెప్పిందీ నేనే."

చెరపకురా చెడేవన్నారు. పారిపోబోయిన నక్కను కుక్కలు ఊరు దాటేదాకా తరిమాయి.

పున్నెమ్మ వాడి తల నాకడం ఆపింది. "నా బిడ్డ పోయిన నాడే ఏడ్చేదాన్ని కదరా. ఇన్నాళ్లూ నా ఏడుపు కూడా దొంగిలించావు," అంది. గంట విప్పించింది.

సాయంత్రం మైలగాడు కొట్టం బయటే నిలబడ్డాడు. పున్నెమ్మ రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

"వాడెలా పోయాడో మొదటినుంచీ చెప్పు," అంది చివరికి. "నువ్వు పారిపోయింది కూడా చెప్పు."

వాడు దాచకుండా చెప్పాడు. అప్పుడు ఆ తల్లి కొడుకు కోసం ఏడ్చింది.

పోయినవాడి పేరు కాజేసినవాడు, వాడి తల్లి కన్నీళ్లకు కూడా జవాబు చెప్పుకోవాలి.