సజ్జలవంక కొట్టాలమ్మ, చెప్పుడుబండ

పూర్వం, కొండల పడమటి వాలున, సజ్జలవంక అనే ఏరు నాలుగు నెలలు నీళ్లనూ ఎనిమిది నెలలు ఇసుకనూ చూపించే చోట, తొమ్మిది గడపల పల్లె ఒకటి ఉండేది. ఈ క్షేత్రాన్ని ప్రతిష్ఠించిన రాజెవరని అడిగితే చెప్పడానికి రాజు లేడు. తపస్సు చేసిన మునీశ్వరుడెవరని అడిగితే ఆ ఎండలో తపస్సు చేయడానికి ఏ మునీ సాహసించలేదు. ఉన్నదల్లా నాలుగెకరాల మెట్టచేను, ఒక పాత పశువుల కొట్టం, ఒక అత్త, ఒక కోడలు. అత్తాకోడళ్ల తగవులోంచి దేవత వెలసిన పుణ్యస్థలం మరొకటి ఉన్నట్టు ఈ ప్రాంతంలో ఎవరూ వినలేదు.

అత్త పేరు తిరుపాలమ్మ. కోడలు ఈరక్క. తిరుపాలమ్మ కొడుకు కోనప్పను పెళ్లాడి ఈరక్క ఆ ఇంట అడుగుపెట్టిన నాటికి, మామ కదిరప్ప కట్టిన కొట్టం ముప్పయ్యేళ్లదై, రాతి కంబాలు పశువులు ఒళ్లు రాసుకుని రాసుకుని అద్దంలా నునుపుదేరి ఉన్నాయి. కొట్టానికీ ఇంటికీ నడుమ ఉన్నది ఒక్క మట్టిగోడ. ఆవు నిట్టూర్చినా ఇంట్లో వినబడేది, ఇంట్లో పిల్ల ఏడ్చినా ఆవు చెవులు నిక్కించేది. కపిలెద్దు, మైలెద్దు, కర్రావు అనే మూడు ప్రాణాలు గోడకు అవతల, మనుషులు గోడకు ఇవతల, అందరూ కలిసి ఒకటే కాపురం.

ఆ కాపురం ఋతువులతో నడిచేది. తొలకరి చినుకు పడగానే కొట్టంలోంచి ఒక వాసన లేచేది. పేడా, ఎండుగడ్డీ, తడిసిన మట్టీ కలిసిన ఆ వాసన తగిలితే కోనప్ప అన్నం సగంలో వదిలి కాడి భుజాన వేసుకునేవాడు. భాద్రపదంలో కొర్రకంకులు వంగేవి, ఆశ్వయుజంలో కల్లం నిండేది, కార్తీకంలో కొట్టానికి కొత్త కప్పు పడేది. చలికాలపు తెల్లవారుజాముల్లో ఈరక్క పసిబిడ్డను ఎత్తుకుని కొట్టంలోకి పోయి కర్రావు పక్కన కూర్చునేది, ఎందుకంటే ఇంట్లో కుంపటి కంటే ఆవు పొట్ట వెచ్చన. ఆ బిడ్డ ఉయ్యాల వేలాడింది కూడా కొట్టం దూలానికే. వేసవిలో బయట రాళ్లు పేలుతున్నా ఆ కప్పు కింద చల్లగా ఉండేది, పిల్లలు గాడిలో పడుకుని నిద్రపోయేవారు. గాడి అంటే పశువులకు మేత వేసే పొడుగాటి రాతి తొట్టి. అందులో నిద్రపోయి లేచిన పిల్లల చెంపల మీద గడ్డి అచ్చులు పడి ఉండేవి, వాటిని చూసి అందరూ నవ్వుకునేవారు. అంత సుఖం ఉండేది ఆ రోజుల్లో, ఉన్నప్పుడు మాత్రం అది సుఖమని ఎవరూ అనుకోలేదు.

తగవంతా కప్పు దగ్గరే వచ్చేది. పల్లెలో తక్కిన ఎనిమిది ఇళ్లవాళ్లు కొట్టాలను బోదతో కప్పుకునేవారు. బోద కొండమీద పెరిగే మొండి గడ్డి. పశువు మూతి పెట్టదు, వాన దిగదు, నాలుగేళ్లు చెక్కుచెదరదు. తిరుపాలమ్మ మాత్రం తన కొట్టాన్ని మెత్తటి కొర్రగడ్డితో కప్పించేది. అది పశువులు ఇష్టంగా తినే మేత. కప్పుగా వేస్తే పైవరుస ఏడాదికే నల్లబడుతుంది. అందువల్ల ఏటేటా పాతవరుస మీద కొత్తవరుస పరవాల్సి వచ్చి కప్పు ఏనుగు వీపంత మందమైంది. అంతటితో ఆగేదా! కట్ట కట్టకూ గట్టిముడి వేయనిచ్చేది కాదు, ఒక్క లాగుకు ఊడే జారుముడే వేయాలి. దోమలకు కొట్టంలో వేపాకు పొగ పెట్టనిచ్చేది కాదు, సాయంత్రం పూట పశువులకు తానే గోనెపట్టతో విసురుతూ కూర్చునేది. కొండగాలికి జారుముడి కప్పు ఎగిరిపోతుందని పల్లె మగవాళ్లు ఎగతాళి చేస్తే, కప్పు మీద తాళ్లు అడ్డంగా వేసి రాళ్లు వేలాడదీసేది తప్ప ముడి మార్చేది కాదు.

కప్పు పని ఆ ఇంట ఆడవాళ్లది గనుక కోనప్ప ఆ జోలికి పోలేదు. చేతులు కోసుకుపోయేదీ, నడుము విరిగేదీ ఈరక్కకే. మూడో ఏట ఆమె ఓర్పు చచ్చిపోయింది.

"అత్తా, ఊరంతా బోద కప్పుకోని కాలు మీద కాలేసుకోని కూచోనుండారు. మనకెందుకీ ఏటేటా చాకిరి? అదేందో చెప్పరాదా?"

తిరుపాలమ్మ పశువుల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "వంక అవతల బండ కాడికి రామ్మీ, కూచోని చెప్తా," అంది.

"చెప్పేదేందో ఈడే చెప్పు. నాకు రాగులు విసిరేదుండాది."

"ఈడ చెప్పేది కాదు."

"అయితే వద్దులే," అని ఈరక్క తిరగలి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మరుసటేడు కూడా ముసలామె పిలిచింది. కోడలికి బాలింత పని. ఆ తరువాతి ఏడు చేయి పట్టుకుని మరీ పిలిచింది. ఆ రోజు ఈరక్కకు ఏ పనీ లేదు, కోపం మాత్రం ఉంది. చేయి విడిపించుకుంది. వంకకు అవతల, ఇద్దరు పక్కపక్కన కూర్చోవడానికి చాలినంత బండరాయి ఒకటి ఎండలో ఖాళీగా ఉండిపోయింది.

ఆ కార్తీకంలోనే తిరుపాలమ్మ మంచం పట్టింది. కాళ్లు పడిపోయాయి, మాట సన్నగిల్లింది. "బండ... బండ కాడికి," అని చేయి చూపించేది. ఈరక్క మనసు కరిగి, మంచం పక్కన కూర్చుని, నుదురు నిమురుతూ, "ఈడే చెప్పత్తా, ఇంటాను," అంది. ముసలామె మట్టిగోడ వైపు కళ్లు తిప్పింది. గోడ అవతల కర్రావు చూలుతో ఉంది, నెమరువేస్తున్న చప్పుడు వినబడుతోంది. తిరుపాలమ్మ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, కోడలి చేతిలో జారుముడి వేసినట్టు వేళ్లు కదిపి, రెండు రోజులకు కన్నుమూసింది. కర్మలు ముగిసిన నాడు ఈరక్క భర్తతో, పై ఏటికి ఆ పాత కప్పంతా పీకి తగలబెట్టి బోద వేయిస్తానని చెప్పింది. చెప్పిందే గాని, పై ఏటికి కల్లంలో కొత్త గడ్డీ లేదు, కొండమీద బోదా లేదు.

ఆ ఏడు తొలకరి రాలేదు. ఆ తరువాతి ఏడూ రాలేదు. వంకలో చెలమలు తవ్వితే చెంబుడు నీళ్లు ఊరేవి, వాటితో మనుషులూ పశువులూ గొంతు తడుపుకునేవారు. మేత మాత్రం ఎంత తవ్వినా ఊరేది కాదు. గడ్డివాములు నేలమట్టమయ్యాయి. బోద కప్పుల కింద కట్టేసిన పశువులు తలలెత్తి పైకి చూసేవి, చూసి దించేవి. కపిలెద్దు ముందుకాళ్లు వంగిపోయాయి, మైలెద్దు పక్కటెముకలు తేలాయి. కర్రావు తన తొలిచూలు దూడకు పొదుగు ఇచ్చేది కానీ పొదుగులో ఏమీ ఉండేది కాదు. దూడ కుమ్మి కుమ్మి అలసిపోయి తల్లి కాళ్ల దగ్గరే కూలబడేది. అది చూడలేక ఈరక్క మొహం తిప్పుకునేది. తన బిడ్డ ఆ ఆవు పొట్టను ఆనుకుని పెరిగింది గదా!

ఒక పొద్దున కోనప్ప కొట్టం ముందుకొచ్చి నిలబడి, లోపలికి పోలేక, "పలుపులిప్పి కొండకు తోలేస్తానే. కండ్ల ముందర పడిపోతే చూడలేను. వాటి రాత వాటిది," అన్నాడు. ఆ కాలంలో దిక్కులేని రైతు చేసే ఆఖరి పని అది. కొండకు పోయిన పశువు తిరిగి వచ్చిన దాఖలా లేదు.

"పలుపు నేనిప్పుతా. నా చేత్తో కట్టినా," అంటూ ఈరక్క లోపలికి వెళ్లింది. వంగి కర్రావు మెడ దగ్గర చేయి పెట్టింది. మెడతాడు వదులుకాగానే ఆవు, వాకిలి వైపు పోకుండా, చూరు వైపు మెడ చాచి, నాలుక బారుగా సాచి, వేలాడుతున్న ఒక గడ్డిపరకను పట్టి లాగింది. జారుముడి ఊడింది. ఒక్క పరక కాదు, కట్టకు కట్ట దభీమని గాడిలో పడింది.

ఈరక్క ఆ కట్టను చేతిలోకి తీసుకుంది. పైన నల్లబడినా లోపల పచ్చగా, బంగారు రంగులో ఉంది. వాసన చూసింది. పొగ వాసన లేదు, వేపచేదు లేదు, కల్లంలో నూర్చిన నాటి కొర్రకంకి వాసన అలాగే ఉంది. పొగ పెట్టనివ్వని చేయి, గట్టిముడి వేయనివ్వని నోరు, గోనెపట్టతో విసురుతూ గడిపిన సాయంత్రాలు, అన్నీ ఒక్కసారిగా అర్థమై ఆమె గాడి అంచు పట్టుకుని, "అత్తా! కప్పు గాదే ఇది, వామి! నెత్తి మీద వామి పెట్టిపోయినావే!" అని బావురుమంది.

ఆ పూటకు కోనప్ప పలుపులు మళ్లీ కట్టాడు. ఈరక్క రోజుకొక వరుస చూరు నుంచి పైకి విప్పుకుంటూ పోయింది. మూడోనాడు పక్కింటి ముసలావిడ మల్లేలమ్మ తన బక్కచిక్కిన ఆవును తోలుకొచ్చి, అడగడానికి నోరు రాక వాకిట నిలబడింది. కోనప్ప భార్య చెవిలో, "మనకే చాలదు," అన్నాడు. ఈరక్క, "గాడి పొడుగ్గానే ఉండాది గదా," అని ఆవును లోపలికి రానిచ్చింది. వారం తిరిగేసరికి తొమ్మిది గడపల పశువులూ ఆ గాడి దగ్గరే నిలబడ్డాయి.

ఇక ఇక్కడ కొట్టాలమ్మ మహిమ చెప్పుకోవాలి. ఒక జత ఎడ్లకు నెల్లాళ్లు వస్తే గొప్ప అనుకున్న కప్పు, పల్లె పశువులన్నిటినీ రెండు పక్షాలు మేపి, ఇంకో పక్షంలోకి నడిచింది. ఇదే ఆఖరి వరుస అనుకుని విప్పిన ప్రతిసారీ దాని కింద మరో వరుస, మరో ఏటిది, ఆ కింద కదిరప్ప బతికున్న నాటిది కూడా కనబడింది. అత్త ముప్పయ్యేళ్ల చాకిరీ అంతా అడుగునుంచి బయటపడుతూ వచ్చిందని కొందరంటారు. అంత పాతగడ్డి మెత్తగా ఎలా ఉందని అడిగితే వాళ్లు మాట మారుస్తారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు ఈరక్క గాడి దగ్గర నిలబడి, "మల్లేలవ్వా, మా అత్త ఈ సంగతి ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా? ఈ కరు..." అనబోయింది. మల్లేలమ్మ గబుక్కున ఆమె నోటికి చేయి అడ్డం పెట్టింది. రెక్క పట్టుకుని, వంక దాటించి, బండ మీద కూర్చోబెట్టి గాని వదలలేదు.

"పసరాలకు మన మాటలు తెలుస్తాయమ్మీ. కొట్టంలో కరువు మాటెత్తితే వాటికి గుండె జారిపోతాది, మేత ముట్టవు. మా తరంలో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. మీ అత్త కొత్తకోడలుగా వచ్చిన ఏడు ఇట్లాంటిదే వచ్చినాది. అప్పుడు మీ కొట్టానిదీ బోద కప్పే. పుట్టింటోళ్లు ఇచ్చిన ఆవు నిండు కప్పు కింద, పైకి చూస్తా చూస్తా పానం ఇడిసినాది. దాని కండ్లు మూసింది మీ అత్తే. ఆ పొద్దు ఈ బండ మీదనే కూచోని, ఇంక నా కప్పు తినే కప్పే అని ఒట్టేసుకున్యాది. నీకు చెప్పాలని యెంత తపించిందో! పిలిస్తే రానంటాందని నాతో అని ఏడ్చినాది గూడా. ఇంకొకరింటి మేత మాట నేనెత్తితే అడుక్కున్నట్టుంటాదని ఇన్నాళ్లూ ఊరుకున్యా."

ఈరక్క కొట్టం వైపు తిరిగి చూసింది. చూలుతో ఉన్న ఆవు వినకూడదని, ప్రాణం పోతున్నా నోరు విప్పని మనిషిని తాను మొండిది అనుకుంది. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ రాలేదు. ఇంటి నుంచి ఆ బండకు ఎంత దూరమని ఆ రోజు మొదటిసారి చూసుకుంది. పిల్ల ఏడిస్తే వినబడేటంత దూరం.

ఆఖరి కట్ట విప్పిన మధ్యాహ్నం కొండ వెనుక నుంచి మబ్బు లేచింది. కప్పులేని కొట్టంలో, బోసిపోయిన వాసాల కింద, తొమ్మిది గడపల పశువుల వీపుల మీద వాన సూటిగా కురిసింది. అవి కదలలేదు, కళ్లు మూసుకుని తడిశాయి. దూడ మాత్రం భయపడి తల్లి పొట్ట కింద దూరింది, దానికి వాన అంటే ఏమిటో తెలియదు. పల్లెవాళ్లంతా నవ్వుతూ ఏడుస్తూ వానలోకి వచ్చారు. కోనప్ప భార్య కోసం వెతికితే కొట్టంలో లేదు, ఇంట్లో లేదు. వంక పారడం మొదలుపెట్టింది. అవతలి ఒడ్డున, బండ మీద ఒక పక్కకు ఒదిగి, రెండో పక్క ఖాళీగా వదిలి ఈరక్క తడుస్తూ కూర్చుని ఉంది.

"వచ్చినానత్తా. ఇప్పుడు చెప్పు," అంటోంది.

ఆ కొట్టమే నేటి కొట్టాలమ్మ గుడి, ఊరు తిరుపాలమ్మను కొలిచే పేరు అది. నునుపుదేరిన రాతి కంబాలూ పొడుగాటి గాడీ అలాగే ఉన్నాయి, విగ్రహం లేదు. కార్తీకంలో ఆడవాళ్లు కొర్రగడ్డితో, జారుముళ్లతో కప్పు వేస్తారు. వైశాఖంలో ఒక పొద్దున ఊరి పశువులన్నిటినీ తోలుకొస్తే అవి ఆ కప్పును తినేస్తాయి. మళ్లీ కార్తీకం వచ్చేదాకా అమ్మకు ఆకాశమే కప్పు. అక్కడ ధూపం వేయరు, కరువు అనే మాట ఎత్తరు. ఇక ఊళ్లోకి కొత్తకోడలు వస్తే, గుడికి పోకముందే అత్త ఆమెను వంక దాటించి చెప్పుడుబండ మీద కూర్చోబెట్టి ఈ కథంతా చెబుతుంది. ఈరక్క తన కోడలితో మొదలుపెట్టిన ఆచారమిది. ఇన్ని తరాలుగా ఇద్దరిద్దరు కూర్చోగా ఆ బండ మీద రెండు పల్లాలు పడ్డాయి, వాన వెలిశాక వాటిలో నీళ్లు నిలుస్తాయి. ఆ ఊరి కోడలు ఎంత పనిలో ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా, బండ కాడికి రమ్మని అత్త పిలిస్తే, చేతిలో పని కిందపెట్టి లేచి వెళుతుంది.