మిణుగురుల కాగితం అంగీ

ఒట్టేసి చెప్తన్నా, ఈ కథ మీరు చచ్చినా నమ్మరు. నమ్మకపోతే మీకే నష్టం, నాకేంటి?

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు కత్తి తిప్పుతాడు. నడిపోడు గుర్రం తిప్పుతాడు. చిన్నోడు మకరందుడు మాత్రం కూర్చుని కాగితాలు మడతపెడతాడు.

ఏడు సముద్రాల అవతల చీకటి గుహలో ఒక మాయలోడు కలువరేకు అనే రాకుమారిని దాచాడు. పెద్దోడు కాగడా పట్టుకుని ఎల్లాడు. మాయలోడు ఉఫ్‌మన్నాడు, కాగడా ఆరింది, పెద్దోడు రాయైపోయాడు. నడిపోడు లాంతరు పట్టుకుని ఎల్లాడు. ఉఫ్! ఆడూ రాయే.

"నేనెల్తా నాన్నా," అన్నాడు మకరందుడు.

"నువ్వా! ఆడి ప్రాణం చిలకలో ఉందిరా. గుహ నిండా చిలకలే. ఆడి ప్రాణమున్న చిలక్కి నీడ పడదంట. నీడ చూడాలంటే దీపముండాలి, దీపముంటే ఆడు ఊదేస్తాడు!"

"అయితే ఊదినా ఆరని దీపాన్ని తొడుక్కుని ఎల్తా."

ఏడు సముద్రాలు ఎట్టా దాటాడంటారా? కాగితం పడవ మడతపెట్టుకోడం ఆడికి రాదా ఏంటి!

అవతలి ఒడ్డున పొదల్లో మిణుగురులు. "మా అన్నల్ని ఇడిపించాలి, నా అంగీలోకి రండర్రా," అని బతిమాలాడు. మొదటి అంగీ బిర్రుగా మడిచాడు. "ఊపిరాడట్లేదు నాయనా, చచ్చిపోతాం!" అని పెద్ద మిణుగురు అరిచింది. రెండో అంగీ వదులుగా మడిచాడు. అన్నీ జారి ఇసకలో పడ్డాయి. అప్పుడు ఆడికి అమ్మ చీర కుచ్చిళ్ళు గుర్తొచ్చాయి. పైన బిగువు, కింద వదులు. మూడో అంగీ అట్టా మడిచాడు. "ఆహా, ఇది ఇల్లులాగుంది!" అని మిణుగురులన్నీ దూరిపోయాయి.

మకరందుడు ధగధగా మెరుస్తా గుహలోకి నడిచాడు.

మాయలోడు ఉఫ్‌మన్నాడు. కుచ్చిళ్ళు కొంచెం విచ్చుకుని వెలుగు పెరిగింది. ఇంకా గట్టిగా ఊదాడు. సగం విచ్చుకున్నాయి. బుగ్గలు పగిలేట్టు మూడోసారి ఊదాడు. అంగీ అంతా నెమలి పురి విప్పినట్టు విచ్చుకుంది! గుహలో మిట్టమధ్యాన్నం అయిపోయింది.

చిలకలన్నిటికీ నీడలు పడ్డాయి, మూలనున్న ఒక్కదానికి తప్ప. మకరందుడు దాన్ని టక్కున పట్టేశాడు.

"బాబ్బాబు! నా రాజ్యమిస్తా, ఒదిలెయ్!" అని మాయలోడు ఆయాసపడ్డాడు.

"ముందు మా అన్నల్నియ్యి."

ఇస్తానంటానే ఆ దొంగవెధవ మంత్రం చదవబోయాడు. చిలక మెడ పుటుక్కుమంది, ఆడు దబ్బున పడ్డాడు.

రాళ్ళు కదిలి అన్నలు లేచారు. "ఒరే తమ్ముడూ, ఏంట్రా ఈ వేషం!"

"వేషం బానే ఉంది," అంది చెర ఒదిలి వచ్చిన కలువరేకు నవ్వుతా. "అయ్యా చిన్నదొరా, పెళ్ళికి నాకూ అట్టాంటిది మడిచిపెడితేనే తాళి కట్టనిస్తా."

మడిచాడు. కట్టాడు. ముసలి రాజు కూడా సిగ్గు లేకుండా ఓ తలపాగా మడిపించుకున్నాడు. ఆళ్ళు మనవళ్ళూ మునిమనవళ్ళతో చల్లగా ఏలారు, ఆ కోటలో దీపానికి నూనె పొయ్యలేదు.

అబద్ధమంటారా? అయితే ఎల్లి ఒక్క మిణుగురుని, ఒక్కటంటే ఒక్కదాన్ని, ఊది ఆర్పుకొని రండి. ఆర్పారా, నా మీసం మీదే!