ఎలుకల సుంకమ్మ డేగను ఆడించడం నేర్చిన కథ

ఇది నిన్నటి మాట కాదు, మొన్నటి మాట కాదు. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పింది, ఆ అవ్వకు ఇంకో అవ్వ చెప్పింది. పికిలిగట్టు అనే కొండకు ఇంకా కాలిదారి కూడా పడని కాలం. గట్టు కింద ఒక పల్లె. పల్లె నడుమ ఒక మట్టికోట. కోటలో ఒక దొర. దొరకు ఒక డేగ.

ఆ పల్లెలో సుంకమ్మ అని ఒకామె ఉండేది. ఎలుకల సుంకమ్మ అంటేనే అందరికీ తెలిసేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. జొన్నచేలల్లో కన్నాలు తవ్వి ఎలుకలు పట్టేది. పట్టినవాటిలో మంచివి మూడు ఏరి రోజూ కోటకు తీసుకుపోయేది. అవి డేగకు మేత. డేగను ఉంచే కొట్టం లోపలికి ఆమెను రానిచ్చేవాళ్ళు కాదు. గడప బయట బుట్ట దించి, తడిక సందులోంచి చూస్తూ నిలబడేది.

లోపల కదిరప్ప ఉండేవాడు. డేగను సాకేవాడు అతనే. ఎడమచేతికి మోచేతి దాకా తోలు తొడుగు, ఆ చేతిమీద డేగ. దాని కాళ్ళకు తోలు వార్లు, వారుకు ఒక చిన్న మువ్వ. కదిరప్ప మూడుసార్లు ఈల వేసేవాడు. ఒకటి పొడుగ్గా, ఒకటి వంకరగా, ఒకటి పొట్టిగా. అది వింటే డేగ మబ్బుల్లో ఉన్నా వచ్చి చేతిమీద వాలేది.

దొర దాన్ని వేటకోసం పెంచాడు. పల్లెకు మాత్రం అది తిండి నిలబెట్టేది. జొన్న పాలుపోసుకునే వేళకు ఎక్కడినుంచో జొన్నపిట్టలు దిగేవి. మబ్బు నేలకు వాలినట్టు దిగేవి. లేచేసరికి కంకిలో గింజ ఉండేది కాదు. మంచెమీద డప్పు కొట్టినా, వడిసెల విసిరినా లెక్కచేసేవి కావు. పైన ఆ ఒక్క డేగ కనబడితే చాలు, గట్టు అవతలికి పోయేవి.

ఒకరోజు కదిరప్ప డేగను తీసుకుని గట్టెక్కాడు. ఆ రోజు రాలేదు. మర్నాడు రాలేదు. మూడోనాడు పొద్దున డేగ ఒక్కటే వచ్చింది. పల్లెమీద మూడు చుట్లు తిరిగింది. ఇంటింటి కప్పుమీదా వాలి అరిచింది. దొర మనుషులు ఎర చూపించి పట్టుకుని, కొట్టంలో కట్టేశారు.

కదిరప్ప తల్లి నరసక్క చూపు సరిగా ఆనని ముసలామె. కర్ర పొడుచుకుంటూ కోటకు వచ్చింది. "సామీ, నా కొడుకేడీ? నలుగుర్ని పంపు సామీ," అంది.

"డేగ వచ్చేసింది గదా," అన్నాడు దొర. "మనిషి ఏ పులి నోటనో పడుంటాడు. ఇంక పోయి చూసేదేముంది?"

ఎవరూ పోలేదు.

ఆ సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, గట్టు మీదినుంచి ఈల వచ్చింది. ఒకటి పొడుగ్గా. ఒకటి వంకరగా. ఒకటి పొట్టిగా. కొట్టంలో డేగ తల తిప్పి గట్టువైపు చూసింది. పల్లెలో తలుపులు మూసుకున్నాయి.

"చచ్చినోడు పిలుస్తున్నాడు. పలక్కండి. పలికితే పట్టుకుపోతాడు," అనుకున్నారు జనం.

"నా కొడుకురా! తలుపు తీయండిరా!" అని నరసక్క మొత్తుకుంది. పక్కింటివాళ్ళు ఆమెను మంచంమీద కూర్చోబెట్టి, బయట గొళ్ళెం పెట్టారు. సుంకమ్మ కూడా తన గుడిసె తడిక మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. రెండో సాయంత్రం ఈల వచ్చింది. తలుపులు మూసుకున్నాయి. మూడో సాయంత్రం వచ్చింది. మూసుకున్నాయి. నాలుగో సాయంత్రం మాత్రం రాలేదు. హమ్మయ్య అనుకున్నారు. ఐదో సాయంత్రం మళ్ళీ మొదలైంది. ఇక ఏ రోజూ తప్పలేదు.

డేగ మేత ముట్టడం మానేసింది. కోట కావలివాడు మాంసం పెట్టబోతే అరచెయ్యి చీల్చింది. దొర బావమరిది చేతిమీదికి ఎక్కించుకోబోతే చెంప గీరింది. పక్క కోటనుంచి పేరుమోసిన వేటగాణ్ణి పిలిపించారు. అతను ఒక పూట దానికి ఎదురుగా కూర్చున్నాడు. దీపాలవేళ ఈల వచ్చింది. డేగ తల తిప్పింది. అతను లేచి చెప్పులేసుకున్నాడు.

"దొరా, ఈ పిట్ట ఒకరి చేతి కింద ఉంది. ఆ చెయ్యి దీన్ని ఇంకా వదల్లేదు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

"అయితే మెడ విరిచెయ్యండి," అన్నాడు దొర.

గడప బయట ఎలుకల బుట్టతో సుంకమ్మ నిలబడి ఉంది. ఆమెకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో. "సామీ, విరవబాకండి. నాకియ్యండి," అంది.

దొర నవ్వాడు. "నీకేం తెలుసే డేగ సంగతి?"

"ఏమీ తెల్దు సామీ. చూడ్డమే చూసినా. నేర్చుకుంటా. జొన్న పాలుపోసుకుంటే పిట్టలొస్తాయి. డేగ లేకుంటే పల్లె ఏం తింటాది?"

"పాలుపోసుకునేలోపు అది ఎగిరి నీ చేతికి రావాల. రాకుంటే దాని మెడ నువ్వే విరవాల. పో."

సుంకమ్మకు తోలు తొడుగు లేదు. అది కదిరప్పతోనే పోయింది. గోనెపట్ట మూడు మడతలు వేసి ఎడమచేతికి చుట్టుకుంది. డేగను పాడుబడ్డ గొర్రెల దొడ్డికి తీసుకుపోయి చేతిమీద కూర్చోబెట్టుకుంది. అది ఎగరబోయింది. వారు పట్టి ఆపితే తలకిందులుగా వేలాడి రెక్కలు కొట్టుకుంది. ఆమె రెండో చెయ్యి దాని రొమ్ము కింద పెట్టి, మెల్లగా లేపి కూర్చోబెట్టింది. మళ్ళీ దూకింది. మళ్ళీ లేపింది. ఆ పొద్దంతా ఎన్నిసార్లో. గోరు గోనెలోంచి దిగి నెత్తురు కారింది. భుజం రాయి అయింది. చెయ్యి దించలేదు. తెలియక ఒకసారి దాని కళ్ళలోకి చూసింది. డేగ బుస్సుమంది. కదిరప్ప ఎప్పుడూ చూపు పక్కకు పెట్టుకునే ఉండటం అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కూడా గోడవైపు చూస్తూ కూర్చుంది.

దీపాలవేళ ఈల వచ్చింది. ఈసారి మూసుకోడానికి దొడ్డికి తలుపు లేదు.  డేగ గట్టువైపు తల తిప్పింది. ఆ ఈల ఆగీఆగగానే వంగి, ఆమె వేళ్ళ నడుమ ఉన్న ఎలుక మాంసం ముక్క లాక్కుని మింగింది.

అన్నాళ్ళకు అది తిన్న మొదటి ముద్ద. సుంకమ్మకు ఏడుపొచ్చింది.

మర్నాడు కర్రమీదినుంచి చేతిమీదికి దూకించింది. మొదట మూరెడు, తర్వాత మూడు మూరలు, తర్వాత దొడ్డి ఈ కొసనుంచి ఆ కొసకు. కానీ పిలవడం రాలేదు. ఆమె ఈల వేస్తే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సాయంత్రం గట్టు మీది ఈల విని, అలాగే వేయబోయింది. రెండోది కుదరలేదు.

అప్పుడు గట్టు మీది ఈల ఆగింది. కాసేపు గాలి కూడా లేదు. తర్వాత ఆ రెండో ఈల ఒక్కటే మళ్ళీ వచ్చింది. నిదానంగా, విడదీసి, చేతకానివాళ్ళకు చెప్పినట్టు.

 సుంకమ్మకు లేచి పరుగెత్తాలనిపించింది. డేగ చేతిమీద ఉంది, పరుగెత్తితే బెదురుతుంది. కూర్చునే ఉండి మళ్ళీ వేసింది. తప్పింది. గట్టు మళ్ళీ వేసింది. మూడోసారికి కుదిరింది. ఆ రాత్రికి గట్టు ఇంక మాట్లాడలేదు.

పొద్దున నరసక్క కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "అమ్మీ, నిన్న మావాడితో పాటు ఇంకెవరో ఈల వేసినారు."

"నేనే అత్తా."

"పలికినావా వాడికి!" అని ముసలామె సుంకమ్మ తల నిమిరింది. "పలికినావు. పల్లెలో నువ్వొక్కదానివే పలికినావు."

మూడోది పొడుగు తాడు పాఠం. వారుకు నులకతాడు కట్టి బీడులో వదిలింది. ఈల వేస్తే డేగ రాలేదు. గట్టువైపు తాడు కొసదాకా ఎగిరి, గుంజుకుని కిందపడింది. మూడురోజులు అదే తంతు. అప్పటికి జొన్న కంకి గింజ పట్టింది. నొక్కితే పాలొస్తున్నాయి. గట్టు అవతల ఆకాశంలో నల్లటి మరక కనబడింది. పిట్టలు.

ఇక ఆగేందుకు వీల్లేదు. ఆ మధ్యాహ్నం సుంకమ్మ తాడు విప్పేసింది. చెయ్యి పైకి విసిరింది. డేగ ఒక్క చుట్టు కూడా తిరగలేదు. సూటిగా గట్టుకు పోయింది.

సుంకమ్మ గునపం, నీళ్ళముంత పట్టుకుని మువ్వ చప్పుడు వెంట పరుగెత్తింది. ముళ్ళలోంచి, రాళ్ళమీదినుంచి ఎక్కింది. రెండు పెద్ద గుండ్ల నడుమ ఒక నెర్రె ఉంది. మువ్వ అందులోంచి మోగింది. పొట్టమీద పాకి దిగింది.

కదిరప్ప అక్కడ ఉన్నాడు. ఎముకలై రాతికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడికాలు దొర్లిన బండ కింద ఉంది. కాలికి తలపాగా చుట్టి ఉంది. ఎడమచెయ్యి మోకాలిమీద చాపి ఉంది, తొడుగు ఇంకా ఉంది. దానిమీద డేగ కూర్చుంది.

చుట్టూ పూరేడుపిట్టల ఈకలు. పక్కన చిన్న నెగడు బూడిద. సుంకమ్మకు మెల్లగా అర్థమైంది. డేగ తెచ్చిపెడితే కాల్చుకు తిన్నాడు. రాతిమీద బొగ్గుతో గీతలు ఉన్నాయి, రోజుకొకటి. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఐదు నిండు గీతలు. ఆరోది సగం.

డేగ పల్లెకు వచ్చింది మూడోనాడు. మనుషుల్ని పిలవడానికి వచ్చింది. దాన్ని కట్టేశారు. ఆ మూడోనాడు, నాలుగోనాడు, ఐదోనాడు, మూడు సాయంత్రాలు ఈల వచ్చింది. అప్పుడు ఇతను బతికే ఉన్నాడు.

సుంకమ్మ ఆ నెర్రెలో కూలబడింది. "కదిరప్పన్నా," అంది. "వినపడింది అన్నా. నాకు వినపడింది. తడిక మూసుకున్నా."

పొద్దు వాలుతోంది. ఈల వచ్చే వేళయింది. ఇక్కడ, తన ముందరే వస్తుందని ఆమె కాచుకుని కూర్చుంది. ఈల రాలేదు. నెర్రె అంతా ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూస్తున్నట్టుంది.

ఆమె గోనె చుట్టిన చెయ్యి చాపింది. తనే ఈల వేసింది. ఒకటి పొడుగ్గా. ఒకటి వంకరగా. ఒకటి పొట్టిగా. డేగ ఆ చేతిమీదినుంచి ఈ చేతివైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి వాలింది. అది లేచీలేవగానే, చాపి ఉన్న ఆ ఎముకల చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది.

గునపంతో బండ జరిపి, ఎముకల్ని కొంగులో మూటగట్టి, డేగను చేతిమీద పెట్టుకుని, పడమర ఎర్రగా ఉండగానే దిగింది. కోటముందు జనం పోగయ్యారు. ఆమె మూట దించింది.

"మూడు సాయంత్రాలు బతికున్న మనిషే పిలిచినాడు," అంది. "మనం తలుపులు మూసుకున్నాం. నేనూ మూసుకున్నా. ఆ తర్వాత పిలిచింది ఎవరో నాకు తెల్దు."

దొర నేల చూశాడు.  నరసక్క వచ్చి మూట తడిమింది. "ఒంటరిగా పోయినాడా అమ్మీ?" అని అడిగింది.

"పిట్టను పంపించేదాకా ఒంటరి కాదు అత్తా. ఆ తర్వాత మన పలుకుకోసం చూసినాడు."

మర్నాడు పిట్టలు దిగాయి. సుంకమ్మ చేను గట్టున నిలబడి చెయ్యి విసిరింది. డేగ మబ్బులోకి ఎక్కి, మడిచిన రెక్కతో రాయిలా పడింది. పిట్టలగుంపు గుడ్డ చిరిగినట్టు చిరిగిపోయింది. ఈల వేస్తే డేగ తిరిగి వచ్చింది. ఆ ఏడు ఒక్క కంకి పోలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమే డేగను ఆడించింది. చిన్న రైతుల చేలు ముందు, దొర చేలు తర్వాత. గట్టు మళ్ళీ ఈల వేయలేదు.

సుంకమ్మ ముసలిదై, ఒకనాటి తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. పొద్దెక్కేసరికి పల్లెంతా కదిలి ఆమెను మట్టిచేసింది. ముసలి డేగ కాళ్ళ వార్లు కోసి వదిలేశారు.

ఆ సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, గట్టు మీదినుంచి ఈల వచ్చింది. ఒకటి పొడుగ్గా. ఒకటి వంకరగా. ఒకటి పొట్టిగా.

 చేతులు గొళ్ళాలమీదికి పోయాయి. కానీ ఎవరూ వేయలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, దివిటీలు వెలిగించి, నీళ్ళు తీసుకుని గట్టెక్కారు.

గుండ్ల నడుమ పక్కపల్లె గడ్డి కోసుకునే ఆమె పడి ఉంది. కాలు విరిగింది. రెండురోజులైందట పడి. అయినా పెదవులు తడిగా ఉన్నాయి. పక్కన అప్పుడే చంపిన పూరేడుపిట్ట.

"ఇన్ని నీళ్ళు ఎవరు పోసినారమ్మా నీకు?" అని అడిగారు.

"ఎవరో పెద్దామె. ఎడమచేతికి గోనెపట్ట చుట్టుకుని ఉంది. పొద్దున్నించీ నా దగ్గరే కూర్చుంది. 'ఈల వేస్తా, ఈసారి వస్తార్లే, ఓపిక పట్టు' అంది. మీరు వస్తుంటే అటు పోయింది. కనపళ్ళేదా?"

 ఆమెను మోసుకుని దిగారు.

వేరే ఊళ్ళలో చీకటిపడ్డాక ఎవరైనా పిలిస్తే, మూడోసారి పిలిచేదాకా పలకరు. పికిలిగట్టు కింది పల్లెల్లో మొదటి పిలుపుకే పలుకుతారు. గట్టు మీద ఈల వినబడితే చాలు, అన్నం ముందున్నా లేచి, "సుంకమ్మా, వస్తున్నాం!" అని కేకేసి నీళ్ళముంత పట్టుకుంటారు. పోయి చూస్తే ఒక్కోసారి మనిషి ఉంటాడు. ఒక్కోసారి ఎవరూ ఉండరు. ఎవరూ లేకుంటే ముంతలో నీళ్ళు అక్కడి రాతిమీద మూడు ధారలుగా పోసి వస్తారు. పిలిచింది ఎవరని అక్కడ పోకముందు అడగరు. పోయి వచ్చాకే అడుగుతారు.