జానెడు ఎత్తు

ఏలియా బండి తోలి ఇరవై రోజులైంది.

రోజూ పొద్దున యార్డుకు వచ్చి ఇంజను బండి ఎక్కి కూర్చుంటాడు. తాళం మాత్రం తిప్పడు. చెవులు రిక్కించి వెనక్కి వింటాడు. వెనక ట్రెయిలర్ ఖాళీ, దాని మీద గులకరాయి కూడా లేదు. అయినా ఏదో జారుతున్న చప్పుడు వినపడుతుంది. దిగి వెళ్ళిపోతాడు.

ఇరవయ్యో రోజు ఓనరు మాలకొండయ్య గట్టిగానే చెప్పాడు. "రేపు లోడుంది. నువ్వే తోలాలి. కాగితాలన్నీ సర్దేశాం కదయ్యా, నీ తప్పేం లేదని రాశారు కదా. ఇంకా ఏంది నీ బాధ?"

ఏలియా తాళం జేబులో వేసుకున్నాడు. నేరుగా దస్తగిరి సాయబు దగ్గరికి నడిచాడు.

చీమకుర్తి క్వారీల నుంచి రేవు దాకా గ్రానైటు రాళ్ళు తోలే డ్రైవర్లలో సగం మందికి దస్తగిరి సాయబే గురువు. నలభై ఏళ్ళు ట్రెయిలర్లు తోలాడు. కళ్ళు మసకబారాక స్టీరింగ్ వదిలేసి, యార్డులో ఓ మూల రేకుల పంచన గ్రీజు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. బండ్ల కీళ్ళకి గ్రీజు పెడతాడు, అయిదు పూటలా నమాజు చేసుకుంటాడు. ఎవరన్నా అడిగితే తప్ప మాట్లాడడు. కొత్త బండి ఎక్కే డ్రైవరు ముందు ఆయన కాళ్ళకి దండం పెట్టి గానీ ఎక్కడు.

ఏలియాకి అక్షరాలు నేర్పింది బడి పంతులైతే, అద్దాల్లో చూసి నలభై అడుగుల ట్రెయిలర్‌ని సందులోకి వెనక్కి నడపడం నేర్పింది ఈయన.

"ఉస్తాద్" అన్నాడు ఏలియా, ఎదురుగా గొంతుక్కూర్చుని. "అందరూ నా తప్పు లేదంటున్నారు. రాయిని కట్టిన గొలుసు పాతదై తెగిందంట. మీరు కూడా ఆ ఒక్క మాట అంటే రేపు బండెక్కుతా."

సాయబు చేతిలోని గుడ్డతో వేళ్ళ సందుల్లో గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"ఏం మాట?" అన్నాడు.

"నా తప్పు లేదని."

సాయబు గుడ్డ తిరగేశాడు. వేళ్ళు తుడుచుకోవడం మాత్రం ఆపలేదు.

జరిగింది ఇది. ఆరు నెలల కిందట మాలకొండయ్య కొత్త ఇంజను బండి కొన్నాడు. పాతదానికన్నా ఎత్తు, పాతదానికన్నా బలం. ట్రెయిలర్ మాత్రం పాతదే ఉంచాడు. ట్రెయిలర్ ముక్కు వచ్చి కూర్చునే ఇనప పళ్ళెం పాత బండికన్నా కొత్త బండికి జానెడు ఎత్తులో ఉంది. తగిలిస్తే ట్రెయిలర్ ముక్కు పైకి లేచి, తోక కిందికి వాలింది.

ఆ ఇంజను యార్డులోకి వచ్చిన రోజు దస్తగిరి సాయబు గ్రీజు డబ్బా పక్కన పెట్టి వచ్చాడు. బొటనవేలూ చిటికెనవేలూ చాచి ఆ పళ్ళెం ఎత్తు కొలిచాడు. వెనక్కి నడిచి ట్రెయిలర్ తోక దగ్గరా కొలిచాడు. తల పైకెత్తి ఏదో చెప్పబోయాడు.

చుట్టూ పది మంది డ్రైవర్లున్నారు. కొత్త బండి తనకిచ్చారన్న సంబరం ఏలియాకి ఒంట్లో ఎక్కడా పట్టకుండా ఉంది.

"మా ఉస్తాద్ ఇంకా జానలూ మూరల్లోనే ఉన్నాడు" అన్నాడు నవ్వుతూ. "ఈ బండికి కంప్యూటరుంది ఉస్తాద్. ఏదన్నా తేడా వస్తే అదే చెబుద్ది."

అందరూ నవ్వారు. సాయబు కూడా కొంచెం నవ్వాడు. చాచిన వేళ్ళు ముడుచుకుని తన పంచలోకి వెళ్ళిపోయాడు.

ఆరు నెలలు ఏమీ కాలేదు. ఎన్ని ట్రిప్పులు తోలాడో ఏలియా లెక్కే పెట్టుకోలేదు. ఆ పొద్దున మాత్రం రాయి మామూలుకన్నా పెద్దది. పైగా సన్నగా జల్లు పడింది. రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుంటే వెనక చప్పుడైంది, పెద్ద బీరువాని గచ్చు మీద ఈడ్చినట్టు. తర్వాత బండి ఒక్కసారిగా తేలికైపోయింది.

ఆ తేలికదనం ఏలియాకి ఇంకా ఒంట్లోనే ఉంది. అద్దంలోకి చూడకముందే రాయి జారిపోయిందని తెలిసిపోయింది.

వెనక మోపెడ్ మీద భార్యాభర్తలిద్దరు వస్తున్నారు. మొగుడు పక్కకి ఎగిరిపడ్డాడు. కాలు విరిగింది గానీ బతికాడు. ఆమె పేరు అంకమ్మ. ఆమెని రాయి కిందనుంచి తియ్యడానికి క్రేను వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

సాయబు గుడ్డ పక్కన పడేసి లేచాడు. పంచలో ఉన్న నీళ్ళ బిందె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. ఏలియా అందుకోబోతే వద్దని చెయ్యి ఊపాడు. ఎర్రటి ఎండలో యార్డు దాటి, ఆ ట్రెయిలర్ దగ్గరికి నడిచాడు. ఇంజనుకి తగిలించే ఉందది. ముందువైపు నుంచి తంటాలు పడి పైకెక్కాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి, ఊపిరి ఆడలేదు. కాసేపు నిలబడ్డాడు.

తర్వాత బిందెలో నీళ్ళు ట్రెయిలర్ ముక్కు దగ్గర, సరిగ్గా నడిమధ్యన నెమ్మదిగా వంచాడు.

నీళ్ళు అక్కడ నిలబడలేదు. రాతి పొడిని కలుపుకుని, సన్నటి పాయగా వెనక్కి నడిచాయి. రాయి ఉండే చోటు దాటాయి, గొలుసులు బిగించే కొక్కేల పక్కగా పోయాయి. నలభై అడుగులూ పోయి, తోక చివర నుంచి చుక్కా చుక్కా నేల మీద పడ్డాయి.

సాయబు ఖాళీ బిందె పట్టుకుని పైనుంచి ఏలియా వంక చూశాడు.

ఏలియా ఆ చుక్కల వంకే చూస్తున్నాడు. వాటి కింద మట్టి నల్లబడుతోంది.

"ఆ రోజు..." అన్నాడు చివరికి. "ఆ రోజు జల్లుకి నీళ్ళు ఇట్టాగే పొయ్యాయి. రాయి కిందనుంచి. గొలుసులు బిగిస్తా చూశాను ఉస్తాద్. ఇన్నాళ్ళు ఏం కాలేదు కదా, ఈ ఒక్క ట్రిప్పుకి ఏమవుద్దిలే అనుకున్నా."

ఇరవై రోజుల్లో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పోలీసులు అడగలేదు. మాలకొండయ్య అడగలేదు. తన భార్య అడిగితే అరిచాడు.

సాయబు ట్రెయిలర్ అంచున కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, ఏలియా భుజం పట్టుకుని దిగాడు. దిగాక కూడా ఆ భుజం వదల్లేదు.

"నేనూ చూశాను" అన్నాడు.

ఏలియాకి అర్థం కాలేదు.

"ఆ పొద్దున నువ్వు గేటు దాటేటప్పుడు అక్కడే కూర్చోనున్నా. ముక్కు పైకెత్తి, తోక ఈడ్చుకుంటా పోయింది బండి. అంత పెద్ద రాయి. నా కళ్ళకి మనిషి మొహం ఆనదు గానీ బండి వాలు ఆనుద్ది. లేచి నిలబడ్డా. పిలుద్దామనుకున్నా."

"పిలవలా ఉస్తాద్?"

"వాడిప్పుడు పెద్ద డ్రైవరు కదా, నాతో ఏం పని, పోనీ అనుకున్నా." సాయబు గొంతు మామూలుగానే ఉంది. "మళ్ళీ కూర్చున్నా. నాష్టా కూడా చేశా ఆ పూట."

యార్డులో ఎక్కడో ఎవరో టైరు మీద సుత్తితో కొడుతున్నారు. ఏలియా చక్రానికి ఆనుకున్నాడు. గురువు నోటి నుంచి తన తప్పు లేదన్న మాట కోసం వచ్చాడు. గురువుది కూడా తప్పుందన్న మాట వినాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. ఇది మోయడం తనదానికన్నా కష్టంగా ఉంది.

సాయబు పంచలోకి వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

"తాళం ఓనరుకి ఇచ్చిరా" అన్నాడు. "ఆ ఎత్తు సరిచేసిందాకా ఎవర్నీ తోలనియ్యొద్దని చెప్పు. ఇద్దరం పోదాం."

"యాడికి?"

"ఆమె ఇంటికి."

మాలకొండయ్య తాళం తీసుకుంటూ తిట్టాడు. ఏలియా తిట్లన్నీ విని వచ్చాడు. ఇద్దరూ బస్సెక్కారు.

అంకమ్మ మొగుడు కోటిలింగం వసారాలో మంచం మీద ఉన్నాడు. కాలికి తొడ దాకా కట్టు. వచ్చిందెవరో సాయబు చెప్పాడు. ఏలియా పేరు వినగానే కోటిలింగం మోచేతి మీద లేవబోయి, లేవలేక మళ్ళీ పడుకున్నాడు.

"రాజీకి ఇంతకుముందే మనుషులొచ్చి పొయ్యారు" అన్నాడు. "మీరెందుకు మళ్ళీ?"

"అడగడానికి రాలేదయ్యా" అన్నాడు సాయబు. "చెప్పడానికి వచ్చాం."

చెప్పాడు. పళ్ళెం ఎత్తు, ట్రెయిలర్ వాలు, గేటు దగ్గర తను లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, అంతా. ఏదీ తగ్గించలేదు. తర్వాత ఏలియా వంక తిరిగాడు. ఏలియా నీళ్ళ సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని చూపు మంచం కోడు మీదే ఉంది.

కోటిలింగం దూలాల వంక చూపు తిప్పాడు.

"ఆ రోజు అంకమ్మకి కళ్ళజోడు తెచ్చుకోని వస్తన్నాం" అన్నాడు. "కొత్త జోడు. చిన్నపిల్లలాగా దారిపొడుగూతా బోర్డులన్నీ పైకి చదవతా వచ్చింది. మందుల కొట్టు, ఎరువుల కొట్టు, ఏదీ వదల్లా. మీ బండి వెనక రాసింది కూడా చదివింది. 'దూరంగా ఉండుము' అని. నాకు వినపడి స్పీడు తగ్గించా. దూరంగానే ఉన్నా అబ్బాయ్. వంతెన మీద నుంచి రాయి అంతదూరం దొర్లుద్దని నాకేం తెలుసు?"

ఏలియా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"చేతులు తియ్" అన్నాడు కోటిలింగం. "ఒకటి చెప్పు నాకు. ఆ పొద్దున ఈ సాయబు నిన్ను పిలిచి ఆపి ఉంటే, ఆగేవాడివా?"

ఏలియా చేతులు దించాడు. ఆగేవాణ్ణి అనడం తేలిక. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది. పక్కనే సాయబు ఉన్నాడు. ఆయన ఇటు చూడడం లేదు. గోడవైపు చూస్తున్నాడు, జవాబు ఏదైనా సరే వినడానికి సిద్ధంగా.

"లేదు" అన్నాడు ఏలియా. "ఆగేవాణ్ణి కాదు. నవ్వి పోయేవాణ్ణి."

కోటిలింగం తల ఊపాడు. ఊపి మొహం అటు తిప్పుకున్నాడు.

"చెప్పారు కదా. ఇంక పోండి."

లోపలినుంచి ఎవరో ముసలామె రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చి గడప మీద పెట్టి, వీళ్ళ మొహాలు చూడకుండానే లోపలికి వెళ్ళింది. ఇద్దరూ ఆ గ్లాసులు ముట్టుకోలేదు. ముట్టుకోకుండా వెళ్ళడానికీ కాళ్ళు రాలేదు. చివరికి సాయబు ఒక గ్లాసు తీసుకుని నిలబడే తాగాడు. రెండోది ఏలియాకి ఇచ్చాడు. ఏలియా అడుగు దాకా తాగి ఖాళీ గ్లాసు గడప మీద పెట్టాడు.

రోడ్డు మీదికి వచ్చాక సాయబు బస్టాపు వైపు తిరగలేదు. ఎడమవైపు, పోలీసు స్టేషన్ దారి పట్టాడు. ఏలియాకి ఎక్కడికని అడగాల్సిన పని లేకపోయింది. లోపలికి పోయి ఇదే మాట మళ్ళీ చెప్పాలి, ఈసారి కాగితం మీద పెట్టాలి. జైలు కావచ్చు. లైసెన్సు పోతుంది, అది ఖాయం. ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. ఇదంతా తెలిసి కూడా కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి.

స్టేషన్ కనపడేసరికి అతనికి ఆగబుద్ధేసింది. తనకోసం కాదు. ముందు నడుస్తున్న ఆ వంగిన వీపుని చూసి.

"ఉస్తాద్" అని పిలిచాడు. "మీరు రావద్దు. నేనొక్కణ్ణే పోతా. నేను ఎట్టాగూ ఆగేవాణ్ణి కాదు కదా. మీరు పిలిచినా పిలవకపోయినా ఒకటే కదా."

దస్తగిరి సాయబు నిలబడ్డాడు. మసకబారిన కళ్ళు చిట్లించి శిష్యుడి మొహం ఎక్కడుందో వెతుక్కున్నాడు.

"ఆగకపోవడం నీది" అన్నాడు. "పిలవకపోవడం నాది."

తర్వాత గోడ పట్టుకుని, స్టేషన్ మెట్లు ముందుగా తనే ఎక్కాడు.